పాట మాటున మాట

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు, కరువు భత్యం బకాయిల గురించి చెప్పమంటారేమో అనుకున్నాను. దానికి నాకంటే సమర్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు. "ఈసారి ఇంట్లో ఆడవాళ్లు కూడా వస్తున్నారు, వాళ్లు విసుక్కోకుండా వినే విషయం ఏదైనా చెప్పండి" అన్నారు వారు. అందుకని ఆడవాళ్ల పాటల గురించి మాట్లాడదామని వచ్చాను. నేను పండితుణ్ణి కాను. వ్యవసాయ విస్తరణ పనిలో ముప్పై ఏడేళ్లు పొలం గట్ల మీద తిరిగి, 2004లో పదవీ విరమణ చేసినవాణ్ణి. చూసింది, విన్నది, ఈ మధ్య చదివింది చెబుతాను.

చదివిన దానితో మొదలుపెడతాను. మన పోపులో వేసే ఇంగువ ఎక్కణ్ణుంచి వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? దాని ముడిసరుకు ఎక్కువగా అఫ్ఘానిస్తాన్, ఇరాన్ కొండల నుంచి వస్తుంది. ఆ అఫ్ఘానిస్తాన్‌లోనూ, పక్కనే పాకిస్తాన్ సరిహద్దు ప్రాంతంలోనూ ఉండేవాళ్లు పష్తూన్లు. మనం పఠానులు అంటాం. పఠాను అనగానే మనకు తలపాగా, గడ్డం, భుజాన తుపాకి గుర్తుకొస్తాయి. ఆ ఇంటి ఆడవాళ్లు మాత్రం మన ఊహకు రారు. నాకూ రాలేదు. మా మనవరాలు ఒక పుస్తకం తెచ్చి చదివి వినిపించేదాకా వాళ్లకు కవిత్వం ఉందని తెలియదు.

ఆ కవిత్వం పేరు లండై. రెండే పాదాలు. మొదటి పాదంలో 9 అక్షరాలు, రెండో దానిలో 13, వెరసి 22. లండై అంటే పొట్టిది అని అర్థం. కాటు వేసే పొట్టి పాముకు కూడా అదే పేరట. చదువు రాని ఆడవాళ్లు నీళ్లకు వెళ్లే రేవు దగ్గర, పెళ్లిళ్లలో, తమలో తాము ఉన్నప్పుడు పాడుకునేవి ఇవి. ప్రేమ, ఎడబాటు, పుట్టినగడ్డ, యుద్ధం, చావు అన్నీ వాటిలో ఉంటాయి. తండ్రి డబ్బు పుచ్చుకుని ముసలివాడికో, ముక్కుపచ్చలారని పిల్లవాడికో కట్టబెడితే, ఆ మొగుడికి వాళ్లు పెట్టిన పేరు మన భాషలో చెప్పాలంటే 'బుల్లి వికారం' లాంటిది. పరాయి మగవాడి కంట పడితేనే నేరమైన చోట, ప్రియుణ్ణి పిరికివాడా అని ఎత్తిపొడిచే పాటలు కూడా ఉన్నాయి.

మరి పాడినందుకు శిక్ష పడదా? అక్కడే ఉంది కిటుకు. లండైకి కర్త లేదు. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. "ఇది నేనన్న మాట కాదు, అందరూ పాడేదే" అని తప్పించుకోవచ్చు. సయ్యద్ బహావుద్దీన్ మజ్రూహ్ అనే అఫ్ఘాన్ కవి, పండితుడు వీటిని సేకరించాడు. 1988లో పెషావర్‌లో ఆయనను కాల్చి చంపారు. తరువాత ఎలైజా గ్రిస్‌వోల్డ్ అనే అమెరికన్ కవయిత్రి అక్కడ తిరిగి, స్త్రీల దగ్గర పాటలు పోగుచేసి 2014లో పుస్తకం వేసింది. అందులో ఇప్పటి కాలపు డ్రోన్లు కూడా ఉన్నాయి. అంటే పాత పాటలోనే కొత్త బాధ వచ్చి కూర్చుంటుందన్నమాట. కాబూల్‌లో మీర్మన్ బహీర్ అనే మహిళా సాహితీ సంఘం ఉండేది. దూరపు పల్లెల ఆడపిల్లలు ఇంట్లో తెలియకుండా అక్కడికి ఫోన్ చేసి తమ కవితలు చదివేవారు. కవిత్వం చెబుతున్నదని తెలిసి అన్నదమ్ములు కొడితే, 2010లో ఒక బాలిక ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది.

ఇంత దూరం నుంచి కథ ఎందుకు తెచ్చానంటే, అది వింటూంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

నేను ఈ ఆకివీడు పక్క పల్లెలోనే పుట్టాను. మా చిన్నప్పుడు తెల్లవారుజామున మెలకువ వచ్చేది తిరగలి చప్పుడుతో, దానితో కలిసిన అమ్మ పాటతో. నాన్నగారు అరుగు మీద పడుకునేవారు. అమ్మ ఆయన ఎదుట నిలబడి పెద్దగా మాట్లాడటం నేను ఎరగను. పాట మాత్రం అరుగు దాకా వినిపించేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అక్కకు పెళ్లి చేశారు. అక్కకు పదిహేనేళ్లు. ఇంకా చదువుకుంటానని ఏడ్చింది. అమ్మకూ ఇష్టం లేదు. పాట ఆ పెళ్లిని ఆపలేదు, ఆ మాట ముందే చెప్పాలి. అక్క అత్తవారింటి నుంచి నెలకో కార్డు వచ్చేది. "ఇక్కడ అందరం క్షేమం" అని ఉండేది. ఆ కార్డు మామగారు చూశాకే పోస్టులో పడేదని మాకు తరువాత తెలిసింది. సంక్రాంతికి అక్క పుట్టింటికి వచ్చింది. చిక్కిపోయింది. ఎవరు అడిగినా "బాగానే ఉన్నాను" అంది. మర్నాడు తెల్లవారుజామున తిరగలి దగ్గర అమ్మకు ఎదురుగా కూర్చుంది. మామూలుగా అయితే అక్క సీత కల్యాణం ఎత్తుకునేది. ఆ రోజు సీతను అడవిలో దించి వచ్చే పాట ఎత్తుకుంది. అమ్మ తిరగలి తిప్పుతూనే ఉంది. పాట అయ్యేదాకా విన్నది. ఒక్క ప్రశ్న వేయలేదు.

పండగ వెళ్లాక అమ్మ నాన్నగారితో, "పిల్లకు ఒంట్లో బాగాలేదు, ఉగాది దాటాక పంపుదాం" అంది. ఉగాది దాటింది. వియ్యంకుడుగారే వచ్చారు. అమ్మ తలుపు చాటునుంచి, "వేరు కాపురం పెట్టాక పంపుతామని చెప్పండి" అని నాన్నగారితో అన్నది. ఆయనకు వినబడేటట్టే అన్నది. ఆ వేసవిలో బావగారు తణుకులో చిన్న ఉద్యోగం చూసుకున్నారు. అప్పుడు వెళ్లింది అక్క. కార్డు చెప్పలేని సంగతి పాట చెప్పింది. దాన్ని మోసుకొచ్చిన అక్క, విని గ్రహించిన అమ్మ, ఇద్దరూ నోరు విప్పి ఒక్క ఫిర్యాదు చేయలేదు.

అమ్మకు ఇష్టమైన మరో పాట ఊర్మిళాదేవి నిద్ర. వాల్మీకంలో ఊర్మిళ మాట ఎంతో లేదు. మన ఆడవాళ్ల పాటలో ఆమె పద్నాలుగేళ్లు నిద్రపోతుంది. లక్ష్మణుడు తిరిగివచ్చి లేపితే, ఎవరో పరాయివాడనుకుని గడగడలాడించేస్తుంది. అందరూ వదినను కాపాడిన మహానుభావుడని పొగిడే మనిషిని, "నువ్వెవరు?" అని అడగగలిగింది ఆ ఇల్లాలొక్కతే. నాన్నగారు పొరుగూళ్లో పనుల మీద నెల్లాళ్లు ఉండి వచ్చిన మర్నాడు ఆ పాట తప్పకుండా వినిపించేది. ఆయన అరుగు మీద అటు తిరిగి పడుకునేవారు.

ఈ పాటలను మన పెద్దలు కొందరు విలువ ఎరిగి భద్రపరిచారు. 'స్త్రీల రామాయణపు పాటలు' 1955లో హైదరాబాదులో ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రచురించింది. బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన 1958లో పుస్తకంగా వచ్చింది. నేదునూరి గంగాధరంగారు 'మిన్నేరు' అచ్చువేశారు. మన ఏలూరు సి.ఆర్.రెడ్డి కళాశాలలో పాఠాలు చెప్పి, అమెరికా వెళ్లిన వెల్చేరు నారాయణరావుగారు 1991లో ఈ పాటల మీద రాసిన వ్యాసంతో ప్రపంచంలోని పండితులకు ఇవి తెలిశాయి. ఇళ్లల్లో ఉండే అగ్రవర్ణాల స్త్రీలు పాడుకునే రామాయణం వేరు, పనిపాటల్లో ఉండే స్త్రీలు పాడుకునేది వేరు అని ఆయన చూపారు. మొదటి దానిలో కౌసల్య పురిటినొప్పులు, అత్తాకోడళ్ల సంగతులు, రాముడికి అక్క అయిన శాంత పెత్తనం ఉంటాయి. పట్టాభిషేకాల కంటే పురుళ్లు, పుణ్యాలు ముఖ్యం అక్కడ. చేలో పాడేవాళ్లకు సీత పడిన కష్టం దగ్గరగా కనిపిస్తుంది.

చేలో పాటను నేను ఎలా విన్నానో చెబుతాను. ఇది నా తప్పు కథ కూడా.

1968 సార్వా. నేను ఉద్యోగంలో చేరి ఏడాది అయింది. ఐ.ఆర్.8 విత్తనం కొత్తగా వచ్చిన రోజులు. తాడు పట్టి వరుస నాట్లు వేయించాలని మాకు పైనుంచి ఉత్తర్వులు. ఒక రైతును ఒప్పించి రెండెకరాల్లో ఏర్పాటు చేశాను. గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడ్డాను. దమ్ము చేసిన చేలో పదిహేను మంది ఆడవాళ్లు వంగి ఊడుస్తున్నారు. వాళ్లది ఎకరా గుత్త. మామూలు ఊడ్పు అయితే పొద్దు వాలకముందే అయిపోయేది. తాడు జరపడం, ముడి చూడటం, వరుస సరిచేయడంతో సగం కూడా కాలేదు. గుత్త మాత్రం పాత గుత్తే. నాకది తట్టలేదు. తాడు వంకరపోతోందని కేకలేస్తున్నాను.

అంతలో ఒక పెద్దావిడ పాట ఎత్తుకుంది. మిగతావాళ్లు అందుకున్నారు. మొదట రాముడు అడవికి వెళ్లడం. తరువాత ఆ అడవిలోకి ఒక గొడుగు దొర వచ్చాడు. చేతిలో తాడు ఉన్నదట. తాడుకు ముడులు ఎన్నో లెక్కపెడతాడట కాని, వంగిన నడుములో ముడులు లెక్కపెట్టడం రాదట. పక్కనున్న రైతు పడిపడి నవ్వాడు. పాట ఇంకో చరణం తిరిగి కుంచం దగ్గరికి వచ్చింది. ఇచ్చేటప్పుడు ఒక కుంచం, పుచ్చుకునేటప్పుడు ఒక కుంచం ఉన్న ఇంటి సంగతి. ఆయన నవ్వు ఆగిపోయింది. ఎవరి మీద కోప్పడతాడు? పదిహేను గొంతులు, ఒక్క ముఖమూ పైకి లేవదు. నేనే ఉండబట్టలేక, "ఏమిటమ్మా ఆ పాట?" అన్నాను. ఆ పెద్దావిడ నడుం ఎత్తకుండానే, "పాటండీ, మా అమ్మమ్మల నాటిది" అంది.

మర్నాడు రైతు గుత్త పెంచాడు. పాట వల్లే పెంచాడని నేను ప్రమాణం చేయలేను. ఆ వారం ఊడ్పులకు మనుషులు దొరక్క అందరూ ఇబ్బంది పడుతున్నారు. కాని ఆ మాట ఆయన చెవిన వేసింది మాత్రం పాటే. గట్టు మీదికి వచ్చి అడిగితే, మర్నాడు పిలుపు ఉండేది కాదు.

ఆ సాయంత్రం నా డైరీలో "వరుస నాట్లు, రెండు ఎకరాలు, రైతు తృప్తి చెందారు" అని రాశాను. ఊడ్చినవాళ్ల తృప్తి రాయడానికి గడి లేదు. గడి లేకపోయినా రాయవచ్చునని నాకు తోచలేదు. ముప్పై ఏడేళ్ల డైరీల్లో ఆ పాట ఎక్కడా లేదు. ఆ పెద్దావిడ పేరూ లేదు. అడగలేదు కనుక.

పాటలతో ఏమవుతుంది, కుక్కరు ఈల వేసినట్టు లోపలి ఆవిరి పోవడమే కదా అని అనేవారున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. పాట చట్టాన్ని మార్చలేదు. అక్క చదువు ఆగనే ఆగింది. కాని ఆవిరి గాలిలో కలిసిపోతుంది. పాట ఇంకొక మనిషి చెవిలో పడుతుంది. "నీకూ ఇంతేనా?" అనిపిస్తుంది. అలా అనిపించినవాళ్లు పదిమంది కలిసిననాడు ఏమవుతుందో మన రాష్ట్రమే చూసింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు తమ కాపురాల సంగతి మాట్లాడుకుని, సారాకొట్టు మూయించారు. రోశమ్మగారి పేరు ఊరూరా పాకింది. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. పగలల్లా పనిచేసి రాత్రి కూర్చున్న ఆ ఆడవాళ్లకు కొత్తగా వచ్చినవి అక్షరాలే. తమ కష్టాన్ని నలుగురిలో చెప్పుకోవడం పాట వాళ్లకు ఏనాడో నేర్పింది.

ఇప్పుడు ఆ పాటలు ఎక్కడ ఉన్నాయి? బియ్యపు మిల్లు వచ్చింది, దంపుళ్ల పాట పోయింది. పిండిమర వచ్చింది, తిరగలి మూలపడింది. ఇవి వద్దని నేను అనను. రోకలి పోటు వేసి చేతులు కాయలు కాసిన అమ్మను చూసినవాణ్ణి. పాట కోసం ఆ కష్టం తిరిగి రావాలని ఎవరూ కోరకూడదు. నా తాడు పట్టిన ఆ రెండెకరాలు చూద్దామని పదవీ విరమణ తరువాత ఒకసారి వెళ్లాను. కొల్లేటి చుట్టుపక్కల ఎన్నో చేలు ఏమయ్యాయో అవీ అదే అయ్యాయి. చేపల చెరువు. ఊడ్పు లేదు, ఊడ్చేవాళ్లు లేరు. చెరువులో ఏరియేటర్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

అక్కడ అఫ్ఘానిస్తాన్‌లో 2021 ఆగస్టులో తాలిబన్లు మళ్లీ గద్దెనెక్కారు. 2024 ఆగస్టులో ప్రకటించిన చట్టంలో, స్త్రీ గొంతును కూడా మరుగున ఉంచవలసిన వాటిలో చేర్చారు. ఆమె పాట, పెద్దగా చదవడం బయటికి వినిపించకూడదన్నారు. రెండు పాదాల పాటకు అంత పెద్ద ప్రభుత్వం జడిసిందంటే, దానిలో బలం ఎంత ఉన్నదో వాళ్లకు తెలిసినట్టుంది.

మన దగ్గర అటువంటి చట్టం లేదు. మన ఆడవాళ్ల పాటను ఎవరూ నిషేధించలేదు. మనం వినలేదు, అంతే. చెప్పిందే చెప్పి విసిగిస్తే "రోకటిపాట" అంటాం. ఆ మాట ఎలా పుట్టిందో ఆలోచించండి. వడ్లు దంచుతూ ఒక మనిషి తన గోడు చెప్పుకుంటూ ఉంటే, వినేవాడికి విసుగు పుట్టింది. ఆ విసుగే సామెత అయి కూర్చుంది.

ఈ ప్రసంగం రాసుకుంటూ, మా ఇంటావిణ్ణి అడిగాను, "నీకేమైనా పాటలు వచ్చా?" అని. కాఫీ గ్లాసు పెట్టి, "యాభై ఏళ్లకు అడిగారు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం వంటింట్లో స్టవ్ తగ్గించి, తనంతట తనే పాడింది. ఆడపెళ్లివారు వియ్యపురాలిని ఎగతాళి పట్టించే పాట ఒకటి. తరువాత ఇంకొకటి. అందులో పొద్దస్తమానం పేపరు చదువుకునే మొగుడు ఉన్నాడు. "ఇది ఎప్పటి పాట? అప్పట్లో పేపర్లు ఎక్కడివి?" అన్నాను. స్టవ్ వైపు తిరిగి, "పాటండీ, మా అమ్మమ్మల నాటిది" అంది.

మిత్రులారా, నాకు నవ్వు వచ్చింది. వెంటనే 1968 నాటి ఆ చేను కళ్లకు కట్టింది. ఆనాటి పెద్దావిడ మాట, అక్షరం పొల్లుపోలేదు. ఆవిణ్ణి నేను పేరు అడగలేదు. ఈవిడను యాభై ఏళ్లు పాట అడగలేదు.

అందుకని నాదొక మనవి. మనమందరం ఏటేటా బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇస్తేనే మన పింఛను వస్తుంది. అది ఇవ్వడానికి ఎండలో క్యూ కట్టినప్పుడు, ఎదురుగా మనిషిని పెట్టుకుని కాగితం అడుగుతారేమిటని విసుక్కుంటాం. మన ఇళ్లల్లో ఆడవాళ్లు రోజూ తెల్లవారుజామున పాట రూపంలో ఆ సర్టిఫికెటే ఇచ్చారు. నేనూ ఒక మనిషిని, బతికే ఉన్నాను, నాకూ ఒక మాట ఉంది అని. దాన్ని పుచ్చుకున్న వారు లేరు.

ఈ రాత్రి ఇంటికి వెళ్లి ఒక నోటుపుస్తకం తీసుకోండి. భార్యను, అక్కచెల్లెళ్లను, వదినను, ఇంట్లో పనిచేసే మనిషిని కూడా అడగండి. పాడితే పాడినట్టే రాసుకోండి. మీకు తప్పని తోచిన చోట దిద్దకండి. మీ మీద చరణం ఉంటే కొట్టివేయకండి. ఎవరు పాడారో, ఏ ఊళ్లో నేర్చుకున్నారో రాయండి, వారు ఒప్పుకుంటేనే. వద్దంటే పేరు లేకుండానే ఉంచండి. పేరు లేకపోవడమే ఆ పాటకు రక్ష అని ఇప్పుడు మనకు తెలిసింది కదా. మనుమలకు ఫోనులో రికార్డు చేయడం వచ్చు. వాళ్ల సాయం తీసుకోండి. కార్యదర్శిగారు ఒప్పుకుంటే, వచ్చే సంచికలో రెండు పేజీలు వాటికి ఇవ్వమని కోరుతున్నాను.

మా అక్కకు ఇప్పుడు ఎనభై అయిదు. మాట తడబడుతోంది. వచ్చే ఆదివారం తణుకు వెళుతున్నాను. సీత అడవి పాట ఇంకా గుర్తుందో లేదో అడగాలి. లేకపోయినా ఎదురుగా కూర్చుంటాను. అమ్మ అయితే అలాగే కూర్చునేది.

వెనుక వరుసల్లో కూర్చున్న అమ్మలకు, అక్కలకు ప్రత్యేకంగా నమస్కారాలు. ఇంతసేపు మీరు నా రోకటిపాట విన్నారు. ఇక వినే వంతు మాది. సెలవు.